లాంగ్ కొవిడ్ ఆయాసానికి వీడియో కాల్‌లో ఫిజియోథెరపీ పనికొస్తుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీ వారికి 47 ఏళ్లు, నరసరావుపేటలో ఎరువుల షాపు. 2021 మేలో కొవిడ్ వచ్చి 12 రోజులు ఆక్సిజన్ మీద ఉన్నారు, అప్పటి సీటీ స్కోరు (ఊపిరితిత్తులు ఎంత దెబ్బతిన్నాయో స్కాన్‌లో వేసే లెక్క) 25కి 16. ఇప్పటికీ మేడ మెట్లెక్కితే రొప్పు వస్తోంది, ఆక్సీమీటర్ మాత్రం 97, 98 చూపిస్తోంది. వారం వారం గుంటూరు వెళ్లి రావడం కుదరదు. ఉదయం ఆరింటికి జూమ్‌లో నలభై మందికి ఒకేసారి ముప్పావుగంట వ్యాయామం, ప్రాణాయామం చేయించే క్లాసు ఉందట, అందులో చేర్పించమంటారా అన్నది మొదటి ప్రశ్న. డిశ్చార్జి రోజున ఇచ్చిన మూడు బంతుల పరికరాన్ని ఆయన ఇంకా రోజూ ఊదుతున్నారు, కొనసాగించాలా అన్నది రెండోది.

వీడియోలో చేయించే వ్యాయామం, శ్వాస సాధన పనికొస్తాయి. కానీ ఆ నలభై మంది క్లాసులో మాత్రం ఇప్పుడే చేర్పించకండి. మీ ప్రశ్న చివర్లో యథాలాపంగా ఒక వాక్యం రాశారు: "లోడు దిగిన రోజు బాగానే తిరుగుతారు, మర్నాడు కూడా పర్వాలేదు, ఆ తర్వాతి రోజు మంచం దిగరు." నా జవాబంతా ఆ వాక్యం మీదే ఆధారపడి ఉంది.

నేను విజయవాడలో గుండె, ఊపిరితిత్తుల ఫిజియోథెరపీ చేస్తాను, పదిహేడేళ్లయింది. 2020 లాక్‌డౌన్‌లో తప్పనిసరై వాట్సాప్ వీడియోలో మొదలుపెట్టాను, ఇప్పుడు నా పేషెంట్లలో సగం మంది ఫోన్‌లోనే ఉంటారు. మొదట్లో నాకూ నమ్మకం లేదు. చేయి వేసి చూడకుండా ఏం ఫిజియోథెరపీ అనుకున్నాను. తర్వాత తెలిసింది, ఇబ్బంది వీడియోది కాదు, ఎవరిచేత ఏం చేయిస్తున్నామన్నది.

కొవిడ్ తర్వాత ఏళ్ల తరబడి ఆయాసపడేవాళ్లు నా దగ్గరికి రెండు రకాలుగా వస్తారు. మొదటి రకం వాళ్ల ఊపిరితిత్తుల్లో కాస్త మచ్చలు మిగిలి ఉంటాయి, లేదా నెలల తరబడి పడుకుని కండ అంతా కరిగిపోయి ఉంటుంది. వీళ్లకు వ్యాయామమే మందు. మొదటి వారం తొడలు నొప్పి పెడతాయి, రెండు రోజుల్లో తగ్గుతాయి, నెల తిరిగేసరికి మెట్లు ఎక్కగలుగుతారు. రెండో రకం వాళ్లకు పని చేస్తున్నప్పుడు ఏమీ అనిపించదు. పన్నెండు గంటల నుంచి మూడు రోజుల లోపు ఎప్పుడో ఒక్కసారిగా కూలబడతారు. నీరసం ఒక్కటే కాదు, తల మొద్దుబారుతుంది, నిద్ర చెడుతుంది, లోపల జ్వరం ఉన్నట్టు, గొంతు నొప్పి ఉన్నట్టు ఉంటుంది. చేసిన పనికీ పడ్డ శిక్షకీ పొంతన ఉండదు. ఒక్కోసారి అది వారాల పాటు నడుస్తుంది. ఈ రకం వాళ్లచేత "రోజుకో అయిదు నిమిషాలు పెంచుదాం" అని వ్యాయామం చేయిస్తే ఉన్నదీ పోతుంది. రెండూ కలిసి ఉన్నవాళ్లు కూడా ఉంటారు, వాళ్లతోనే ఎక్కువ కష్టం.

ఇది నేను నా తప్పుతోనే నేర్చుకున్నాను. 2021 ఆగస్టులో ఒక టీచరమ్మ, కాకినాడ వైపు ఊరు. ఆసుపత్రిలో చేరలేదు, ఇంట్లోనే తగ్గింది, కానీ నీరసం వదల్లేదు. వీడియోలో ఎంత చెబితే అంత చేసేది, నేను కూడా శభాష్ శభాష్ అని వారంలో అడుగులు రెట్టింపు చేయించాను. ఓ సోమవారం ఫోన్ ఎత్తలేదు. బుధవారం వాళ్లబ్బాయి ఎత్తి "అమ్మ బాత్రూముకి కూడా పట్టుకునే వెళ్తోంది సార్" అన్నాడు. మళ్లీ మామూలు స్థితికి రావడానికి అయిదు వారాలు పట్టింది. ఆ అయిదు వారాల్లో ఆమె నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఇంకా బాధగా ఉంటుంది.

కండరాల్లో ఏదో జరుగుతోందని ఆ తర్వాత పరిశోధనల్లోనూ కనిపించింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇలా కూలబడే లాంగ్ కొవిడ్ రోగులు 25 మంది, ఆరోగ్యవంతులు 21 మందిచేత శక్తి ఉన్నంతవరకూ సైకిల్ తొక్కించి, ముందూ తర్వాతా తొడ కండరం ముక్క తీసి పరీక్షించారు. 2024 జనవరిలో ఫలితాలు వచ్చాయి. తొక్కిన తర్వాత రోగుల కండరాల్లో దెబ్బ పెరిగింది, శక్తిని తయారుచేసే యంత్రాంగం ఇంకా మందగించింది. కాబట్టి "బద్ధకం", "మనసులో భయం" అనే బంధువుల మాటలు పట్టించుకోకండి.

మీ వారిది ఏ రకం? మీరు రాసినదాన్ని బట్టి రెండో రకం లక్షణం బాగానే ఉందని నా అనుమానం, కానీ ఒక్క వాక్యంతో తేల్చలేను. రెండు వారాల పాటు ఒక నోటు పుస్తకంలో రోజుకు రెండు లైన్లు రాయించండి: ఇవాళ చేసిన పని, ఇవాళ్టి ఓపిక పదికి ఎంత. లోడు దిగిన రోజులు, పెళ్లికి వెళ్లి వచ్చిన రోజులు, బ్యాంకు లెక్కలతో తల బద్దలు కొట్టుకున్న రోజులు గుర్తు పెట్టండి. మెదడు పని కూడా పనే. ఆ తర్వాత మూడు రోజుల అంకెలు చూస్తే విషయం దానంతట అదే తెలుస్తుంది.

ఈలోపు ఒక ఛాతీ డాక్టరు దగ్గరికి ఒక్కసారి నేరుగా వెళ్లి రండి. ఇది వీడియోలో కుదరదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులో ఇచ్చిన నిర్వచనం ప్రకారం కూడా, వేరే జబ్బు ఏదీ కారణం కాదని తేలాకే దీన్ని కొవిడ్ తర్వాతి సమస్య అనాలి. మన దగ్గర అందరూ ఆ మెట్టు దాటేస్తారు. ఇన్నేళ్ల తర్వాత ఆయాసం ఉందంటే రక్తహీనత కావచ్చు, థైరాయిడ్ కావచ్చు, గుండె కావచ్చు, టీబీ కావచ్చు. నా దగ్గరికి లాంగ్ కొవిడ్ అని వచ్చిన ఒకాయన హిమోగ్లోబిన్ 7 ఉంది, పైల్స్ నుంచి రక్తం పోతోందట, సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. ఆయనకు నా వ్యాయామాలు ఎందుకు? అలాగే కొవిడ్ వైద్యంలో స్టెరాయిడ్లు ఎక్కువ వాడినవాళ్లకు షుగరు బయటపడవచ్చు. మరొకటి, గజ్జల దగ్గర, తుంటి దగ్గర నొప్పి ఉండి కుంటుతుంటే వ్యాయామం ఆపి ముందు ఎముకల డాక్టరుకు చూపించండి. స్టెరాయిడ్ల తర్వాత తుంటి బంతికి రక్తం అందక ఎముక దెబ్బతినడం సెకండ్ వేవ్ తర్వాత మన దేశంలో చాలాచోట్ల కనిపించింది. దాన్ని "కొవిడ్ నొప్పులు" అని నెట్టుకొచ్చిన వాళ్లను చూశాను.

డాక్టరు దగ్గర ఛాతీ ఎక్స్‌రే, ఊపిరితిత్తుల పనితీరు పరీక్ష, ఈసీజీ, ఎకో (గుండె స్కాన్), మామూలు రక్త పరీక్షలు చాలు. ఊపిరితిత్తుల పరీక్షలో ఊదే భాగంతో పాటు గాలి రక్తంలోకి ఎంత దాటుతోందో చూసే డీఎల్‌సీవో కూడా అడగండి, మచ్చలుంటే ఆ సూచన అక్కడ దొరకవచ్చు.

ఇక వీడియో గురించి. దీనికి నేను మాత్రమే సాక్ష్యం కాదు. బ్రిటన్‌లో రీగెయిన్ అనే పరీక్ష చేశారు. కొవిడ్‌తో ఆసుపత్రిలో చేరి, ఇంటికి వెళ్లి మూడు నెలలు దాటినా కోలుకోని 585 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఎనిమిది వారాలు ఆన్‌లైన్‌లో ప్రత్యక్షంగా వ్యాయామం, మనసుకు సంబంధించిన సాయం. మరో గుంపుకు ఒక్కసారి మాత్రం ఆన్‌లైన్‌లో సలహా. 2024లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఫలితం ప్రకారం మొదటి గుంపు బాగుపడింది, ఏడాది తర్వాత చూసినా ఆ తేడా నిలిచింది. తేడా చిన్నదే అని కూడా చెప్పాలి, అద్భుతాలు జరగలేదు. వాళ్లంతా మీ వారిలా ఆసుపత్రిలో పడి లేచినవాళ్లు, మొదట ఒక్కొక్కరినీ విడిగా పరీక్షించాకే క్లాసులో కలిపారు. మీరు చెప్పిన జూమ్ క్లాసులో ఎవరైనా మీ వారి డిశ్చార్జి కాగితం అడిగారా? అడగలేదనే అనుకుంటున్నాను.

నా సెషన్ ఎలా ఉంటుందో చెబుతాను, రేపు మీరు ఎవరి దగ్గర చేరినా పోల్చుకోవచ్చు. ఫోన్ ఎత్తగానే నేను అడిగేది ఆరోగ్యం కాదు, అడ్రసు. ఇవాళ ఎక్కడున్నారు, ఇంట్లోనా షాపులోనా, పక్కన ఎవరున్నారు, పక్కింటివాళ్ల నంబరేంటి. ఏదైనా అయితే 108కి నేను చెప్పాల్సింది ఆ వివరాలే. మొదటి నాలుగు సెషన్లకు ఇంట్లో పెద్దవాళ్లు ఒకరు పక్కన ఉండాల్సిందే. ఫోన్ ఎదురుగా కాదు, పక్క నుంచి కనపడేలా పెట్టమంటాను, బియ్యం డబ్బాకి ఆనిస్తే సరిపోతుంది. పక్క నుంచి చూస్తేనే పొట్ట కదులుతోందా, భుజాలు లేస్తున్నాయా తెలుస్తుంది. కుర్చీ చక్రాలది వద్దు, గోడకు ఆనించిన చెక్క కుర్చీ కావాలి. తిన్నాక రెండు గంటల దాకా ఏమీ చేయించను. పల్నాడు ఎండల్లో అయితే ఉదయం తొమ్మిది దాటాక నేనే కాల్ పెట్టను.

తర్వాత కొలతలు. ఆక్సీమీటర్ పెట్టగానే వచ్చిన అంకె నమ్మకూడదు, చేయి వెచ్చగా ఉంచుకుని అరనిమిషం ఆగి నిలకడగా ఉన్నది చెప్పాలి. మొదటి రకం వాళ్లయితే ఒక్క నిమిషం పాటు కుర్చీలోంచి లేచి కూర్చోమంటాను, చేతులు ఛాతీ మీద. ఎన్నిసార్లు లేచారో లెక్కపెట్టి, ఆగాక కూడా ఇంకో నిమిషం అంకె చూస్తాను, ఎందుకంటే కొందరికి కూర్చున్నాకే పడుతుంది. కూర్చున్నప్పుడు 97 ఉండి, లేచి కూర్చునేసరికి మూడు పాయింట్లు గానీ ఇంకా ఎక్కువ గానీ పడిపోతే అక్కడితో ఆపి డాక్టరు దగ్గరికి పంపిస్తాను. కూలబడే రకం అని అనుమానం ఉంటే మాత్రం ఈ పరీక్ష చేయించను, అదే వాళ్లను పడుకోబెట్టవచ్చు. కాబట్టి మీరు మీ వారిచేత ఇప్పుడే చేయించి చూడకండి.

కూలబడే రకానికి ఇంకోటి చూస్తాను. పది నిమిషాలు పడుకోబెట్టి పల్స్ రాయించి, తర్వాత మడమలు గోడకు కాస్త ముందుకు ఉంచి వీపు ఆనించి పది నిమిషాలు కదలకుండా నిలబెడతాను, నిమిషానికోసారి పల్స్, మధ్యలో బీపీ. బీపీ పడిపోకుండానే పల్స్ 30 పైగా పెరిగి అక్కడే ఉంటే ఆయాసానికి కారణం ఊపిరితిత్తులు కాకపోవచ్చు, నిలబడినప్పుడు రక్తాన్ని పైకి పంపే నరాల అదుపు తప్పి ఉండవచ్చు. దానికి వైద్యం వేరు. వీళ్ల వ్యాయామం కూడా పడుకునో కూర్చునో మొదలవ్వాలి. కళ్లు తిరుగుతాయి కాబట్టి పక్కన మనిషి లేకుండా ఇది చేయకూడదు.

శ్వాస సాధన దగ్గర కాస్త ఎక్కువ చెబుతాను, అందరూ తప్పు చేసేది ఇక్కడే. "98 ఉంది, అయినా గాలి చాలట్లేదు" అని మీ వారు అంటున్నారు కదా, ఇది నేను వారానికి పదిసార్లు వింటాను. జబ్బు రోజుల్లో బతకడానికి పై ఛాతీతో, నోటితో, గబగబా పీల్చడం అలవాటైంది. జబ్బు పోయినా అలవాటు పోలేదు. అవసరానికి మించి పీల్చి వదలడం వల్ల రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గిపోతుంది, దాంతో పెదాలు, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, ఛాతీ పట్టేసినట్టు ఉంటుంది, ఇంకా గాలి కావాలనిపిస్తుంది. అప్పుడు ఇంట్లోవాళ్లు "గట్టిగా ఊపిరి పీల్చు" అంటారు. మంటలో నెయ్యి పోసినట్టే.

కాబట్టి గట్టిగా కాదు, నెమ్మదిగా, తక్కువగా, ముక్కుతో. మోకాళ్ల కింద తలగడ పెట్టుకుని వెల్లకిలా పడుకుని, ఒక చేయి పొట్ట మీద, ఒక చేయి ఛాతీ మీద. ఛాతీ మీది చేయి కదలకూడదు. పీల్చినదానికంటే వదలడం కాస్త ఎక్కువసేపు ఉండాలి, అంకెలు లెక్కపెట్టి టెన్షన్ పడక్కర్లేదు. అయిదు నిమిషాలు, రోజుకు రెండు మూడుసార్లు. పడుకుని వచ్చాక కూర్చుని, ఆ తర్వాత నిలబడి, ఆ తర్వాత నడుస్తూ. మెట్ల దగ్గర పెదాలు గుండ్రంగా చేసి, ఎదురుగా దీపం ఉంటే అది ఊగాలి గానీ ఆరకూడదు అన్నంత మెల్లగా వదులుతూ అడుగు వేయాలి. రొప్పు వస్తే కింద కూర్చోనక్కర్లేదు, షాపు కౌంటరు మీద మోచేతులు ఆనించి ముందుకు వంగి నిలబడితే ఒకటి రెండు నిమిషాల్లో సర్దుకుంటుంది.

భస్త్రిక, కపాలభాతి లాంటి వేగంగా కొట్టే సాధనలు ఇలాంటి వాళ్లకు మొదట్లో వద్దంటాను. యోగా మీద నాకేం కోపం లేదు, మా ఇంట్లోనే చేస్తారు. కానీ అతిగా పీల్చే అలవాటున్న మనిషికి ఇంకా వేగంగా పీల్చడం నేర్పితే ఏమవుతుందో ఊహించండి. భ్రామరి (తుమ్మెదలా ఝుంకారం చేస్తూ ఊపిరి వదిలేది) మాత్రం సంతోషంగా చేయమంటాను, అందులో వదలడం పొడుగ్గా ఉంటుంది. లండన్‌లో ఇంగ్లిష్ నేషనల్ ఒపెరా వాళ్లు ఒక ఆసుపత్రితో కలిసి ఆరు వారాలు ఆన్‌లైన్‌లో జోలపాటలతో శ్వాస నేర్పించారు. 150 మందితో చేసిన పరీక్షలో కొన్ని విషయాల్లో, ముఖ్యంగా మానసిక ఆరోగ్యంలో, మేలు కనిపించింది. అది చదివాక తెనాలి దగ్గర ఒక పెద్దావిడకు నేనూ అదే చెప్పాను. వ్యాయామం అంటే మొహం చిట్లించే మనిషి, మనవరాలిని ఒళ్లో వేసుకుని జోల పాడమంటే అరగంట పాడింది. ఆపడమే కష్టమైంది.

ఇక వ్యాయామం. మొదటి రకానికి అయిదు నిమిషాల నడకతో మొదలు. కష్టం పదికి రెండు మూడు దాటకూడదు. ఆ అంకెలు తెలియకపోతే, చిన్నప్పుడు బళ్లో నేర్చుకున్న పద్యం ఒకటి నడుస్తూ చెప్పుకోవాలి. పద్యంలో పాదానికో ఊపిరి తీసుకుంటే పర్వాలేదు, పద్యపాదం మధ్యలో ఆగితే వేగం ఎక్కువైనట్టు. వారానికి రెండు మూడు రోజులు కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడను నెట్టడం, మడమలు లేపడం, నీళ్ల సీసాలు ఎత్తడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం ఇచ్చిన పుస్తకంలో అయిదు దశలు ఉంటాయి, ఒక్కో దశలో కనీసం ఏడు రోజులు ఉండమంటారు. నేను పద్నాలుగు అంటాను.

మీ వారు రెండో రకమైతే మొదటి నెల వ్యాయామమే లేదు. శ్వాస, విశ్రాంతి, పని పంచుకోవడం. లోడు దిగే రోజు ఆయన లెక్క రాసుకుంటూ కుర్చీలో ఉండాలి, బస్తాలు కుర్రాళ్లు మోయాలి. స్నానం, భోజనం, షాపు తలుపు తీయడం మధ్య పది నిమిషాలు కళ్లు మూసుకుని పడుకోవాలి. అలసట వచ్చాక విశ్రాంతి తీసుకుంటే ఆలస్యమైనట్టే, రాకముందే తీసుకోవాలి. పల్స్ చూపించే వాచీ ఉంటే, కూర్చున్నప్పటి పల్స్ మీద 15 దాటకుండా పని చేసుకోవడం కొందరికి బాగా పనికొచ్చింది. కూలబడడం లేని వారాలు రెండు మూడు వరసగా వచ్చాకే పడుకుని కాళ్లు కదిలించడం మొదలుపెడతాను, అది కూడా రెండు నిమిషాలు. మగవాళ్లతో ఇక్కడే గొడవ. "ఇదేం వైద్యం, మా అమ్మ కూడా చేస్తుంది" అన్నాడు ఒక లారీ డ్రైవరు, మూడు వారాలకే మానేశాడు. ఆర్నెల్ల తర్వాత తిరిగొచ్చాడు, ఈసారి చెప్పింది విన్నాడు.

నేను సెషన్ కంటే ముఖ్యంగా చూసేది ఆ తర్వాతి ఫోన్. మర్నాడు ఒకటి, మూడో రోజు ఒకటి, రెండే నిమిషాలు. "నిన్న చేసింది ఇవాళ మళ్లీ చేయగలరా" అని అడుగుతాను. చేయలేను అంటే చేయించింది ఎక్కువైనట్టు, సగానికి తగ్గిస్తాను. ఆసుపత్రికి వచ్చి వెళ్లే పేషెంటుకు ఈ ఫోన్ ఉండదు, పైగా రానూ పోనూ బస్సు ప్రయాణమే కొందరికి ఆ రోజు వ్యాయామం కంటే ఎక్కువ. అందుకే కూలబడే రకం వాళ్లకు దూరం నుంచి చూడడమే మేలని ఇప్పుడు నా అభిప్రాయం.

కాబట్టి మనిషిని ఎంచుకునేటప్పుడు ఇవి అడగండి: బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) తర్వాత గుండె, ఊపిరితిత్తుల విభాగంలో ఎంపీటీ (పీజీ) చేశారా, మొదటి సెషన్ విడిగా ఉంటుందా, మర్నాడు ఎవరు ఫోన్ చేస్తారు. "నెలలో గ్యారంటీ" అన్న మాట వినిపిస్తే ఫోన్ పెట్టేయండి. యూట్యూబ్ వీడియోలు శ్వాస వరకూ పర్వాలేదు, వ్యాయామానికి వద్దు. ఆ వీడియోకి మీ వారి మొహం కనపడదు.

ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం, ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెట్టడం, రక్తం పడే దగ్గు, కూర్చున్నా ఆక్సిజన్ 92 లోపు ఉండడం, ఉన్నట్టుండి ఆయాసం పెరగడం, వీటిలో ఏది వచ్చినా నాకు గానీ ఇంకే ఫిజియోకి గానీ వీడియో కాల్ చేయకండి. నేరుగా ఆసుపత్రికే వెళ్లండి.

ఇక మూడు బంతులు. "ఊదుతున్నారు" అని రాశారు. అది ఊదేది కాదండీ, పీల్చేది, గొట్టం నోట్లో పెట్టుకుని నెమ్మదిగా లోపలికి పీలిస్తే బంతులు లేస్తాయి. తలకిందులు పట్టుకుని ఊదేవాళ్లను కూడా చూశాను లెండి. అది ప్రధానంగా ఆపరేషన్ అయిన వాళ్లకు, మంచం మీద ఉన్న వాళ్లకు ఊపిరితిత్తుల అడుగు భాగం మూసుకుపోకుండా ఇచ్చేది. ఇన్నేళ్ల తర్వాత మూడు బంతులూ లేచినంత మాత్రాన మెట్లెక్కే ఆయాసం తగ్గదు, పైగా పోటీ పెట్టుకుని గట్టిగా లాగితే నేను పైన చెప్పిన అలవాటే ముదురుతుంది. తీసి అటక మీద పెట్టేయండి. నోటు పుస్తకం ఇవాళే మొదలుపెట్టించి, రెండు వారాల అంకెలు, డాక్టరు రిపోర్టులు ఇక్కడ రాయండి, పేరు, ఫోన్ నంబరు చెరిపేసి. చూసి ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతాను.